పెరటి పెట్టలకు సాధువైన పుంజు

సంతలో పెట్టను కొనువారిని గమనించినచో ఎంత నిదానముగా చూతురో తెలియును. చేతిలోనికి తీసికొని బరువు చూతురు. రెక్క ఎత్తి పేలున్నవేమో చూతురు. తోక క్రింద వ్రేళ్ళు పెట్టి గ్రుడ్డు మీద ఉన్నదో లేదో తెలిసికొందురు. క్రిందటిసారి ఎన్ని గ్రుడ్లు పెట్టినది, ఎన్ని పిల్లలను చేసినది అని అడుగుదురు. పుంజు వద్దకు వచ్చునప్పటికి ఈ నిదానమంతయు ఎక్కడికో పోవును. ఏ పుంజు మెడ నిక్కించి, ఈకలు విరియబోసి, ప్రక్క పుంజు మీదికి కాలు దువ్వుచున్నదో దానినే చూపి "అదీ పుంజంటే" అందురు. బేరము ముగిసినట్లే.

పెట్టను కొనునది సాధారణముగా ఇల్లాలు. పుంజును కొనునది యజమాని. పెట్టలు, గ్రుడ్లు, పిల్లలు, వాటి మీద వచ్చు నాలుగు రూపాయలు ఆడవారివి. పుంజు మాత్రము మగవారి పరువునకు చెందినదిగా మన పల్లెలలో ఒక వాడుక ఏర్పడినది. ఈ వాడుక మారవలెనని నా అభిప్రాయము. పెట్టల నడుమ తిరుగు పుంజును పెట్టలను సాకు మనిషే ఎంచవలెను. ఎంచునపుడు మొట్టమొదట చూడవలసినది దాని సాధుస్వభావము. రంగు, రోషము, కూత తరువాతి మాటలు.

కోళ్ళ సంగతి పశువైద్యులు చెప్పవలసినది, వ్యవసాయాధికారికి ఇందులో ఏమి పని అని కొందరనవచ్చును. నిజమే. కాని పొలము చూచుటకు వెళ్ళినపుడు మేము కూర్చుండునది రైతు ఇంటి అరుగు మీదనే, అరుగు ముందర తిరుగునవి కోళ్ళే. అదిగాక, ఈ విషయములో నేనొక తప్పు చేసితిని.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక గ్రామము. సంక్రాంతి దగ్గరపడినదనిన మా వైపు పుంజుల మాట తప్ప వేరు మాట వినబడదు. నేను ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరమున, మా అమ్మ సాకుచున్న పది పన్నెండు నాటు పెట్టలకు మంచి జాతి పుంజు నొకదానిని తెచ్చినచో పిల్లలు బరువెక్కునని తలచి, పందెపు కోళ్ళను పెంచు ఒక పరిచితుని వద్ద అసీలు జాతి డేగ పుంజును తీసికొంటిని. అతని చేతిలో అది పసిబిడ్డవలె ఒదిగి కూర్చున్నది. నేను ఎత్తుకొన్నను గింజుకొనలేదు. ఇంతకంటె సాధువైన పుంజు దొరకదని సంతోషించి ఇంటికి చేర్చితిని. బి.ఎస్సి.లో కోళ్ళ పెంపకము ఒక పాఠముగా చదివినవాడిని కదా, అమ్మ నడుగవలెనని నాకు తోచలేదు.

వారము దినములలోనే పుంజు పొరుగింటి పుంజుతో గోడ మీద పోరు మొదలుపెట్టినది. రెండింటి తలలు నెత్తురు కారుచుండగా ఇరుగు పొరుగుల మధ్య మాటలు పెరిగినవి. పెట్టలతో దాని నడత మరింత చెడ్డగా నుండెను. పిలుచుట లేదు, చుట్టు తిరుగుట లేదు. కనబడినదానిని తరిమి పట్టి మీదికెక్కుటయే. పుంజు నాలుగు కిలోలు, మా పెట్టలు కిలోన్నరకు మించవు. నెల తిరుగక ముందే పెట్టల వీపుల మీద ఈకలు ఊడి చర్మము బయటపడినది. ఒకదానికి ప్రక్కటెముకల వద్ద పుంజు కాలి ముల్లు దిగి చీరుకొనిపోయినది. రెండు పెట్టలు గూటికి వచ్చుట మాని పొరుగువారి గడ్డివామి క్రింద గ్రుడ్లు పెట్టసాగినవి. అవి పిల్లి పాలో, పాము పాలో అయినవి. చివరకు ఒకనాడు మా చెల్లెలి కుమారుడు, నాలుగేండ్లవాడు, అన్నపు పళ్ళెముతో పెరటిలోనికి పోగా పుంజు ఎగిరి తన్నినది. ముల్లు కంటికి అర అంగుళము క్రింద దిగినది. మూడు కుట్లు పడినవి, ధనుర్వాతము రాకుండ సూది వేయించితిమి. మరి అర అంగుళము పైన దిగి యుండినచో ఏమగునో ఈనాటికిని తలచుకొనలేను.

ఆ సెలవులలో ఇంటికి పోయినపుడు అమ్మ, "ఒరేయ్, నాకు గుడ్లు పెట్టే కోళ్ళు కావాలి గాని ఈ యుద్ధాలెందుకురా? పుంజును తెచ్చేముందు నన్నొక్క మాట అడిగావా?" అన్నది. చెల్లెలు ఏమియు అనలేదు. పిల్లవాని ముఖము నావైపు త్రిప్పి చూపినది.

నేనెచ్చట పొరపడితినో ఆలోచించుటకు చాల కాలము పట్టినది. చేతిలో ఒదిగి కూర్చున్నది నిజము. పెరటిలో రాక్షసునివలె ప్రవర్తించినదియు నిజము. సాధువు అను ఒక్క మాటలో మనము మూడు వేరు వేరు గుణములను కలిపి చెప్పుచున్నాము. పుంజు మనిషితో ఎట్లుండును అనునది ఒకటి. సాటి పుంజుతో ఎట్లుండును అనునది రెండవది. పెట్టలతో ఎట్లుండును అనునది మూడవది. ఇందులో ఒకటి మంచిదైనంత మాత్రమున తక్కిన రెండును మంచివి కానక్కరలేదు.

అసీలు సంగతియే చూడుడు. తరతరములుగా పందెములకై ఆ జాతిని పెంచినవారు, కత్తి కట్టునపుడు తమ చేతిని పొడుచు పుంజును ఉంచుకొనరు. అందుచే చేతికి మచ్చిక ఆ జాతిలో నిలిచినది. సాటి పుంజును చూచి వెనుకకు తగ్గు దానిని కూడ ఉంచుకొనరు. అందుచే కసి పెరిగినది. పెట్టలతో ఎట్లుండునో వారు చూడవలసిన అవసరమే లేదు, ఆ పుంజులను కాలికి త్రాడు కట్టి విడిగా సాకుదురు గదా. వారు కోరిన గుణములు వారికి దొరికినవి. ఆ పుంజును తెచ్చి పెట్టల మధ్య వదలిన తప్పు నాది గాని, పుంజుది కాదు. అసీలు జాతి మన రాష్ట్రమునకు పేరు తెచ్చిన జాతి; దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. పందెములను గూర్చి 1960 నాటి జంతుహింస నివారణ చట్టము చెప్పవలసినది చెప్పియే యున్నది.

స్వభావము సంతానమునకు దిగునా అని అడుగువారు గలరు. దిగును. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన గుల్, క్రెయిగ్, ముల్లర్ అను శాస్త్రజ్ఞులు కయ్యమునకు దిగు కోళ్ళను ఒక వరుసగను, తగ్గియుండు కోళ్ళను మరొక వరుసగను ఎంచి సంతానము తీయించగా కొద్ది తరములలోనే రెండు వరుసలకును స్పష్టమైన భేదము కనబడినట్లు 1960లో ప్రకటించిరి. ఆ మాటకు వచ్చినచో మన పందెగాండ్రు ఈ ప్రయోగమును విశ్వవిద్యాలయముల కంటె ముందే చేసి చూపిరి. మనము చేయవలసినది దానికి తారుమారుగా నడుపుట మాత్రమే.

ఇక మంచి పుంజును గుర్తించుట. దీనికి పుస్తకము అక్కరలేదు, సాయంకాలము ఒక గంట పెరటిలో ముక్కాలిపీట వేసికొని కూర్చున్న చాలును. నూకలు నాలుగు చల్లి చూడుడు. మంచి పుంజు గింజను చూడగానే తాను మ్రింగదు. "కొక్ కొక్" అని మెల్లగా పిలుచుచు, గింజను ముక్కుతో ఎత్తి క్రింద విడుచుచు, పెట్టలు వచ్చి తినువరకు నిలుచును. పెట్టను కోరునపుడు ఒక రెక్క వాల్చి, నేలను రాచుచు దాని చుట్టు సగము తిరుగును. పెట్ట వంగి కూర్చున్నచో ఎక్కును, తొలగిపోయినచో ఊరకుండును. చెడ్డ పుంజు ముందుగా తాను మేసి, మేతకు వంగిన పెట్టలను వెనుకనుండి పట్టుకొనును. అట్టి పుంజు ఉన్న ఇంట పెట్టలు మేత వద్ద కూడ తల ఎత్తి ఎత్తి చూచుకొనుచు తినును. పుంజు నడచి వచ్చునపుడు పెట్టలు చెదరిపోవుచున్నవా, లేక పట్టించుకొనక గీరుకొనుచున్నవా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము తెలిసినచో సగము పరీక్ష అయినట్లే.

పుంజునకు యోగ్యతాపత్రము దాని పెట్టల వీపు. మెడ వెనుక, వీపు మీద, రెక్కల మొదట మాత్రమే ఈకలు విరిగి ఊడినచో అది పుంజు పని. ఒళ్ళంతయు ఈకలు రాలి క్రొత్త ఈకల మొలకలు ముండ్లవలె కనబడుచున్నచో అది ఏటేట ఈకలు మార్చుకొనుట. దానికి పుంజును అనరాదు. పేలు పట్టిన కోళ్ళకు తోక క్రింద, రొమ్ము మీద ఈకలు చెడును. ఇంకొక సంగతి: మూడు నాలుగు పెట్టలకు ఒక పుంజు ఉన్నచో ఎంత సాధువైన పుంజైనను వాటి వీపులు చెడగొట్టును. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోవును. పుంజు బరువు పెట్ట బరువునకు రెండింతలకు లోపుననే యుండుట మంచిది. గాయపడిన పెట్టలను కొన్నాళ్ళు వేరుగా ఉంచవలెను. వీపు మీద మందపు నూలుగుడ్డ కప్పి రెక్కల క్రిందుగా కట్టువారు గలరు. అది తాత్కాలికముగా మేలే గాని మార్చవలసినది పుంజును.

మనిషితో ఎట్లుండునో చూచుటకు మేతగంప పట్టుకొని కోళ్ళ నడుమ మామూలుగా నడవవలెను. దారి నిచ్చి ప్రక్కకు తొలగు పుంజు మంచిది. తల వంచి, మెడ ఈకలు లేపి, రెక్క వాల్చి వాలుగా మీదికి వచ్చునది మంచిది కాదు. ఈ పరీక్షను పెద్దవారు నిలువుగా నడచి చేసిన చాలదు. పిల్లవాని ఎత్తునకు గొంతు కూర్చుండి కూడ చూడవలెను. పెద్దలకు దారి నిచ్చు పుంజులలో కొన్ని పిల్లలను, పొట్టివారిని, వంగి ఊడ్చుచున్న ముసలమ్మలను ఎంచి తన్నును.

ఇక్కడ చాలమందికి నమ్మశక్యము కాని మాట యొకటి చెప్పవలెను. చిన్ననాటినుండి ఒడిలో పెట్టుకొని, చేతితో తినిపించి, ముద్దుగా పెంచిన పుంజుపిల్ల పెద్దయిన పిమ్మట సాధువగునని అందరు అనుకొందురు. పలుమార్లు దానికి భిన్నముగా జరుగును. నేను పని చేయు మెట్ట మండలములో ఒక ఇంటి పిల్లలు, తల్లి పెట్ట చచ్చిపోగా మిగిలిన ఒకే పిల్లను జేబులలో పెట్టుకొని పెంచిరి. అది పుంజైనది. ఎనిమిదవ నెల వచ్చుసరికి ఆ పిల్లలనే బడికి పోనీయక వీధి గుమ్మములో అడ్డగించెడిది. మనిషి యనిన జంకు లేని పుంజు మనిషిని తనవంటి మరొక పుంజుగా ఎంచును. తన పెట్టల దరికి వచ్చిన పుంజును ఏమి చేయునో మనలను కూడ అట్లే చేయును. తల్లి క్రింద పెరిగి, తక్కిన కోళ్ళతో దెబ్బలు తిని బుద్ధి నేర్చుకొని, మనిషిని చూచి కొంచెము ప్రక్కకు తొలగు పుంజే పెరటికి తగినది. భుజము మీద వ్రాలునది కాదు.

వయస్సు సంగతి మరువరాదు. మూడవ నెలలో సాధువుగా నుండుట లెక్కలోనికి రాదు, ఆ వయస్సున అన్నియు సాధువులే. కూత పట్టి, ముల్లు మొలచి, పెట్టలను కోరు వేళ, అనగా అయిదు ఆరు నెలలకు గాని అసలు గుణము బయటపడదు. ఏడాది నిండువరకు అది ఇంకను మారుచుండును. కావున ఒక పొదుగులోని పుంజుపిల్లలను మూడవ నెలలోనే అన్నింటిని అమ్మివేసి, కంటికి నదరుగా కనబడిన ఒకదానిని మాత్రము మిగుల్చుకొనుట జూదము వంటిది. నాలుగయిదింటిని ఆరవ నెల వరకు ఉంచి, చూచి, ఒకదానిని నిలుపుకొని తక్కినవి అమ్మవలెను. అంతకాలము మేత దండుగ అని అనుకొనవచ్చును. ఆరు నెలల నాటు పుంజునకు వచ్చు ధర మూడు నెలల పిల్లకు రాదు గదా.

రంగును గూర్చి రెండు మాటలు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, రసంగి, కౌజు అని మనవారు పుంజుల రంగులకు ఎన్ని పేర్లు పెట్టిరో! కుక్కుటశాస్త్రము చూచి ఏ దినమున ఏ రంగు గెలుచునో లెక్కలు కట్టువారు నేటికిని గలరు. పెట్టలకు ఆ శాస్త్రముతో పని లేదు. స్వభావమునకును రంగునకును ముడిపెట్టి పుంజును ఎంచినవారు రంగును మాత్రమే పొందుదురు.

సంతలో కొనుట నేను ఒప్పను. తెల్లవారకముందే కాళ్ళు కట్టి, సంచిలో తలక్రిందులుగా మోసికొని వచ్చిన పుంజు ఎంత దుష్టమైనదైనను సాధువుగానే కనబడును. ప్రక్క గంపను చూచి కాలు దువ్వునది కూడ భయముచే దువ్వుచుండవచ్చును. తప్పనిసరిగా కొనవలసి వచ్చినచో అమ్మువారి ఇంటికి పోయి, వారి పెట్టల వీపులు చూచి, పుంజు తండ్రి యున్నచో దానిని కూడ చూచి, ఆ ఇంటి ఇల్లాలిని అడిగి కొనవలెను. యజమాని చెప్పని సంగతులు ఆమె చెప్పును. తెచ్చిన పుంజును వెంటనే పెట్టలలో వదలక మూడు వారములైనను దూరముగా వేరు గంపలో ఉంచి, కొక్కెర తెగులు టీకా వేయించి, పేలు లేకుండ చూచిన పిమ్మట వదలవలెను. ఇంట నున్న పుంజు పోయి క్రొత్తది వచ్చిన తరువాత రెండు మూడు వారముల వరకు పెట్టలు పెట్టు గ్రుడ్లలో పాత పుంజు పిల్లలు ఉండవచ్చును. అప్పుడు పొదుగవేసి క్రొత్త పుంజు పిల్లలు అనుకొనుట పొరపాటు.

అసలు పుంజు కావలెనా అని కూడ ఆలోచింపవలెను. పుంజు లేకున్నచో పెట్టలు గ్రుడ్లు పెట్టవని నమ్మువారు చదువుకొన్నవారిలో కూడ గలరు. పుంజు ఉన్నను లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును. పిల్లలు కావలెననిన మాత్రమే పుంజు అవసరము. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై గ్రామప్రియ, వనరాజా రకములను రూపొందించిరి. వీటిలో గ్రామప్రియను గ్రుడ్లకే సాకు ఇంట పుంజును పోషించుట దండుగ. అవి సంకర రకములు గనుక వాటి పిల్లలను తిరిగి పొదిగించినను తల్లులంతటివి కావు. వేసవిలో పుంజు లేని ఇంటి గ్రుడ్లకు మరొక మేలు గలదు. పుంజు కలిసిన గ్రుడ్డులో పొదుగు పెట్ట లేకున్నను మన ఎండల వేడికే పిండము పెరుగనారంభించి, మధ్యలో చచ్చి, గ్రుడ్డు మురిగిపోవును. పుంజు కలియని గ్రుడ్డు అంతకంటె ఎక్కువ దినములు నిలుచును. గ్రుడ్లు అమ్ముకొనువారు ఎండాకాలములో పుంజును వేరుచేసి చూడవచ్చును.

సాధువైన పుంజు గద్ద వచ్చినపుడు పెట్టలను కాపాడునా అని తరచుగా నన్ను అడుగుదురు. ఇది మంచి ప్రశ్న, ఎందుకనగా రోషము గల పుంజును ఉంచుకొనువారందరు చెప్పు కారణము ఇదియే. గద్దతో ఆకాశములో పోరాడు పుంజును నేను చూడలేదు. పుంజు చేయునది ఏమనగా, ఒక కన్ను పైకి త్రిప్పి నీడ కనబడగానే సన్నని కూత వేయును. పిల్లలు తల్లి క్రిందికి, పెట్టలు పొదల క్రిందికి పోవును. నేలమీద వచ్చు పిల్లికి, కుక్కకు వేరు కూత గలదు. ఈ హెచ్చరికకు కావలసినది మెలకువ గాని పొగరు కాదు. పొరుగు పుంజుతో పోరులో మునిగిన పుంజునకు పైన గద్ద తిరుగుచున్న సంగతియే తెలియదు. రాత్రివేళ ముంగిసనుండి, అడవిపిల్లినుండి కాపాడునది గూటి తలుపే, పుంజు కాదు.

మెత్తని పుంజు పని చేయదేమో అను సందేహము మాత్రము కొంత సబబైనది. తక్కిన పుంజులకు జంకి మూల కూర్చున్న పుంజు పెట్టలను చేరదు. దానిని ఒంటరిగా పెట్టలతో వదలి చూడవలెను. పై పుంజు తొలగినంతనే చక్కగా తిరుగునవి చాల గలవు. పొదుగవేసిన ఏడవ దినమున చీకటి గదిలో బ్యాటరీ లైటు ముందు గ్రుడ్డు పట్టి చూచినచో నరములు ప్రాకిన గ్రుడ్లెన్నో, తేటగా నున్నవెన్నో తెలియును. తేట గ్రుడ్లు హెచ్చుగా నున్నచో పుంజును మార్చవలెను. సాధువైనదను పేరుతో నీరసమైన దానిని, జబ్బుదానిని నిలుపుకొనుమని నేను చెప్పుట లేదు.

ఇప్పటికే ఇంట నున్న పుంజు మీదికి వచ్చుచున్నచో ఏమి చేయవలెను? కర్రతో కొట్టువారే ఎక్కువ. కొట్టుట పుంజునకు పోరుగానే తోచును, మరునాడు మరింత కసితో వచ్చును. పరుగెత్తుట కూడ తప్పే, గెలిచితినని అనుకొనును. బెదరక, అదరక, నిదానముగా దాని దారిలోనికి నడచి అది తొలగువరకు నిలుచుట కొన్నింటి విషయములో పనిచేసినది. ముల్లు కొనను ఆకురాయితో మొద్దుచేయవచ్చును. మొదలంట కోయరాదు, లోపల నెత్తురు, ఎముక ఉండును. పెద్దలనే తన్నుచున్నచో నెల దినములు చూడవచ్చును. పసిపిల్లలున్న ఇంట ఒకసారి బిడ్డను తన్నిన పుంజునకు రెండవ అవకాశము ఇచ్చుట నేను ఒప్పుకొనను. జాతర వరకు కూడ ఆగనక్కరలేదు, ఆ ఆదివారమే కూర వండుకొనవచ్చును. అట్టి దానిని పొరుగూరి వారికి మంచిదని చెప్పి అమ్ముట మాత్రము తగదు.

గ్రామాధికారులకు, పంచాయతీ పెద్దలకు ఒక మనవి. పెరటి పుంజు పెరటిలో ఉండదు. మన వీధులలో కోళ్ళన్నియు కలిసి మేయును. వీధిలో అన్నిటికంటె క్రూరమైన పుంజు తక్కిన పుంజులను తరిమివేసి, ఎవరి పెట్టలనైనను తానే కలియును. ఒక ఇల్లాలు ఎంత శ్రద్ధతో సాధువైన పుంజును ఎంచినను ప్రక్కింటి దుష్ట పుంజు ఉన్నంతవరకు ఆమె ఇంట పొదిగిన పిల్లలకు తండ్రి అదే. 1950, 60 దశకములలో మేలుజాతి పుంజులను గ్రామములలో పంచిన కాలమునుండి నేటి కోడిపిల్లల పంపిణీ వరకు మనము ఎప్పుడును ఇచ్చుటనే చూచితిమి గాని, ఇచ్చిన పుంజు ఎవరి పుంజులతో తలపడునో చూడలేదు. వీధికి ఒకటి రెండు పుంజులు చాలును. ఏవి ఉండవలెనో ఆ వీధిలో కోళ్ళు సాకు ఆడవారు కూర్చుండి తేల్చుకొని, తక్కినవి అమ్మివేసినచో సగము గొడవలు తీరును. మహిళా సంఘముల సమావేశములలో పొదుపు లెక్కల తరువాత పది నిమిషములు ఈ మాటకు కేటాయించిన చాలును. పందెపు పుంజులు గలవారు వాటిని కట్టివేసి ఉంచవలెనని చెప్పుట పెద్దల వంతు. ఈ మాట చెప్పుటకు జంకువారు ఎందరో గలరని నాకు తెలియును. ఆ పుంజులు తరచుగా పెద్దల ఇండ్లవే.

మేలైన పుంజు దొరికినదని దానినే ఏండ్ల తరబడి ఉంచుట కూడ మంచిది కాదు. రెండు మూడేండ్లలో దాని కుమార్తెలే పెట్టలగును. తండ్రి కూతుళ్ళ కలయికచే పొదుగులో చచ్చు పిల్లలు హెచ్చగును, పుట్టినవి నీరసముగా నుండును. దూరపు గ్రామమునందలి బంధువులతో పుంజును మార్చుకొనుట ఖర్చులేని ఉపాయము.

మా అమ్మ ఆ డేగ పుంజును నాచేతనే తిరిగి యజమానికి ఇప్పించినది. తరువాత తన పొదుగులోని అయిదు పుంజులను ఆరు నెలలు ఉంచి చూచి, అందులో ఒకదానిని నిలిపినది. బూడిద రంగుకు, గోధుమ రంగుకు నడుమ నుండును. పందెగాండ్ర లెక్కలో దానికి పేరు కూడ లేదు. దానిని ఎందుకు నిలిపితివని అడిగితిని. "అది పిలిస్తే పెట్టలొస్తాయి, నేను పిలిస్తే అదొస్తుంది, బాబు పోతే పక్కకి తప్పుకుంటుంది. ఇంకేం కావాలి?" అన్నది. ఆ పుంజునకు ఇది మూడవ యేడు. కార్తీకములో దానిని మా చెల్లెలి అత్తవారి గ్రామమునకు పంపి, అక్కడి పుంజు నొకదానిని తెప్పించుకొనవలెనని ఇద్దరును మాట్లాడుకొనిరి. అక్కడ నాలుగు పుంజులున్నవట. చూచి ఎంచుటకు అమ్మయే స్వయముగా పోవుచున్నది. గంప మోయు పని నాకు ఇచ్చిరి.